నూట తొంభై ఆరో పేరు

1995 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరంలో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. ఏటా జరిపే డ్రాఫ్ట్ జరిగింది. కళాశాల ఆట ముగించుకుని వచ్చిన యువకులను జట్లు ఒకరి తర్వాత ఒకరుగా ఎంచుకునే కార్యక్రమం అది. ఆ రోజు మొట్టమొదట పిలిచిన పేరు కీ-జానా కార్టర్. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన రన్నింగ్ బ్యాక్. అతని కోసం సిన్సినాటి బెంగాల్స్ జట్టు తన ఐదో స్థానాన్నీ, రెండో రౌండులో తన వంతునూ కెరొలైనా జట్టుకు ఇచ్చేసి మొదటి స్థానానికి ఎక్కింది. ఏడేళ్ళ ఒప్పందం, కోటీ తొంభై రెండు లక్షల డాలర్లు.

మూడో రౌండు వచ్చేసరికి మొత్తం మీద 74వ పేరుగా కర్టిస్ మార్టిన్ అనే రన్నింగ్ బ్యాక్‌ను న్యూ ఇంగ్లండ్ జట్టు తీసుకుంది. కళాశాలలో చివరి ఏడాది చీలమండ దెబ్బతో ఎక్కువ భాగం బయట కూర్చున్న కుర్రాడు. ఆరో రౌండులో, చాలామంది టీవీలు కట్టేసి ఉంటారనుకోదగ్గ సమయంలో, డెన్వర్ జట్టు టెరెల్ డేవిస్ పేరు చెప్పింది. అతను 196వ వాడు.

ముగ్గురి లెక్కలూ ఇవి. కార్టర్ తన మొదటి సన్నాహక మ్యాచ్‌లో మూడోసారి బంతి పట్టుకుని పరుగెత్తినప్పుడు మోకాలి లిగమెంటు తెగింది. మొత్తం వృత్తి జీవితంలో పరుగెత్తింది 1,144 గజాలు. మార్టిన్ మొదటి ఏడాదిలోనే 1,487 గజాలు పరుగెత్తాడు. చివరికి 14,101 గజాలు చేశాడు. డేవిస్ 1998లో ఒక్క సీజన్‌లో 2,008 గజాలు చేసి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. మార్టిన్‌కు 2012లో, డేవిస్‌కు 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఈ కథను ఇక్కడితో ఆపి, 'చూశారా, ర్యాంకుదేముంది, అంతా పట్టుదలలోనే ఉంది' అనడం తేలిక. చాలామంది ఆపుతారు కూడా. అలా ఆపితే మనకు అందేది ఓదార్పు మాత్రమే. డ్రాఫ్ట్ సంఖ్య ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది అంతకంటే ఎంతో ఆసక్తికరమైన ప్రశ్న.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. జట్టుకు పదకొండు మంది. చేతిలో బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళ్తే మరో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, వెళ్ళకపోతే బంతి పోతుంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని గాలిలో విసరవచ్చు, లేదా వెనక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతికి ఇవ్వవచ్చు. చేతికందిన బంతిని పొట్టకు అదుముకుని, ఎదురుగా గోడలా నిలిచిన పదకొండు మంది మధ్య సందు వెతుక్కుంటూ దూసుకుపోవడమే అతని పని. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడి పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. ఒక తేడా ఉంది. కూతకు వెళ్ళినవాడు ఒంటరి. రన్నింగ్ బ్యాక్ ముందు మాత్రం ఒక్కొక్కరూ నూట ముప్ఫై, నూట నలభై కిలోల బరువుండే ఐదుగురు సొంత జట్టువాళ్ళు ప్రత్యర్థులను నెట్టి దారి చేస్తుంటారు. వాళ్ళను కలిపి లైన్ అంటారు. ఈ ఐదుగురినీ గుర్తు పెట్టుకోండి, వాళ్ళతో మనకు పని ఉంది.

లీగ్ చరిత్రలో అత్యధిక గజాలు పరుగెత్తిన పదిమందిని 2024 సీజన్ ముగిసేనాటి లెక్క ప్రకారం తీసుకుందాం. ఎమిట్ స్మిత్, వాల్టర్ పేటన్, ఫ్రాంక్ గోర్, బ్యారీ శాండర్స్, ఏడ్రియన్ పీటర్సన్, కర్టిస్ మార్టిన్, లడేనియన్ టామ్లిన్సన్, జెరోమ్ బెటిస్, ఎరిక్ డికర్సన్, టోనీ డోర్సెట్. వీళ్ళు ఎంపికైన స్థానాలు వరుసగా 17, 4, 65, 3, 7, 74, 5, 10, 2, 2. ఎనిమిది మంది మొదటి రౌండువాళ్ళు. ఆరుగురు తొలి ఏడు స్థానాల్లో వచ్చినవాళ్ళు. ఇది యాదృచ్ఛికంగా జరిగేది కాదు. ఆటగాళ్ళను తూచే స్కౌట్లకు చూపు ఉంది. అది ఒప్పుకోకుండా ముందుకు వెళ్ళకూడదు.

అయితే ఈ జాబితా జవాబిచ్చే ప్రశ్న ఒకటి, జట్టు యజమాని అడిగే ప్రశ్న వేరొకటి. 'గొప్పవాళ్ళలో ఎంతమంది ముందు వరుసలో ఎంపికయ్యారు?' అన్నదానికి జాబితా జవాబిస్తుంది. డబ్బు కట్టేవాడికి కావలసింది 'ముందు వరుసలో ఎంపికైనవాళ్ళలో ఎంతమంది గొప్పవాళ్ళయ్యారు?' అన్నది. రెండూ ఒకేలా వినిపిస్తాయి. మామిడి పళ్ళన్నీ చెట్టునే కాస్తాయి కాబట్టి చెట్లన్నీ మామిడి కాస్తాయని అనం కదా. సంభావ్యతా శాస్త్రం మొదటి తరగతిలో నేర్పే ఈ తేడా క్రీడా పుటల్లోనే కాదు, వైద్య పరీక్షల్లో, న్యాయస్థానాల్లో కూడా మనుషుల్ని తప్పుదోవ పట్టిస్తూనే ఉంది.

రెండో ప్రశ్న అడిగి చూద్దాం. 1990లో రెండో స్థానంలో న్యూయార్క్ జెట్స్ జట్టు బ్లెయిర్ థామస్‌ను తీసుకుంది. వేగం చాలదన్న మాట పడ్డ ఎమిట్ స్మిత్ కోసం పదిహేడో స్థానం వరకు ఎవరూ చెయ్యెత్తలేదు. థామస్ మొత్తం పరుగు 2,236 గజాలు. డల్లస్ కౌబాయ్స్‌కు చేరిన స్మిత్ 18,355 గజాలు చేశాడు. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. (డల్లస్ శివారులోని ఫ్రిస్కోలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, సాధన మైదానం ఉన్నది ఆ ఊళ్ళోనే. అక్కడి మన పిల్లలు స్మిత్ పేరు వింటూ పెరుగుతుంటారు.)

2005 ఇంకా చెప్పుకోదగ్గ ఏడాది. తొలి ఐదు ఎంపికల్లో ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లు. రానీ బ్రౌన్ రెండు, సెడ్రిక్ బెన్సన్ నాలుగు, 'కాడిలాక్' అని పిలిచే కార్నెల్ విలియమ్స్ ఐదు. కళాశాలలో రెండు మోకాళ్ళ లిగమెంట్లూ తెగి, శస్త్రచికిత్సలతో వచ్చిన ఫ్రాంక్ గోర్‌ను శాన్ ఫ్రాన్సిస్కో 65వ స్థానంలో తీసుకుంది. ఆ మోకాళ్ళతో అతను పదహారు సీజన్లు ఆడాడు. సరిగ్గా 16,000 గజాలు పరుగెత్తాడు. పై ముగ్గురి గజాలనూ కూడినా గోర్ ఒక్కడి లెక్కకు చాలవు.

ఉదాహరణలతో ఏదైనా నిరూపించవచ్చు కాబట్టి పరిశోధన వైపు చూడాలి. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు 2013లో 'మేనేజ్‌మెంట్ సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. డ్రాఫ్ట్‌లో ఒకే స్థానంలో ఆడేవాళ్ళను వరుసగా ఇద్దరేసి జతలుగా తీసుకుని, ముందు ఎంపికైనవాడు తర్వాతవాడి కంటే నిజంగా మెరుగ్గా ఆడాడా అని వాళ్ళు చూశారు. ఆడాడు, నూటికి 52 సార్లు. నాణెం ఎగరేసినా 50 సార్లు వస్తుంది.

ఈ 52ను తొందరపడి చదవకూడదు. మొదటివాడికీ రెండు వందలవాడికీ తేడా లేదని దీని అర్థం కాదు, పక్కపక్కనున్నవాళ్ళ మధ్య తేడా పట్టడం దాదాపు అసాధ్యమని. కానీ జట్లు పోరాడేది ఆ పక్కపక్క తేడా కోసమే. డల్లస్ జట్టు 1990ల ఆరంభంలో తయారుచేసిన ఒక పట్టిక ఉంది. ఎన్నో ఎంపికకు ఎన్ని పాయింట్ల విలువో చెప్పేది. మొదటి ఎంపికకు 3,000, పదహారో ఎంపికకు 1,000. అంటే ఒక్క మొదటివాడి కోసం ముగ్గురు పదహారోవాళ్ళను వదులుకోవచ్చన్నమాట. ఈ లెక్క ఎన్నో ఏళ్ళు లీగ్ అంతటా బేరాలకు ఆధారమైంది. మాసీ, థేలర్ జీతాలనూ ఆటనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చెల్లించిన దానికి మించి జట్టుకు దక్కే లాభం మొదటి ఎంపికల్లో కంటే రెండో రౌండువాళ్ళలోనే ఎక్కువగా కనిపించింది. అన్నిటికంటే బలహీనమైన జట్టుకు కానుకగా ఇచ్చే మొదటి వంతు దాని మెడకే చుట్టుకుంటోంది కాబట్టి ఈ స్థితికి వాళ్ళు 'ఓడినవాడి శాపం' అని పేరు పెట్టారు.

రన్నింగ్ బ్యాక్ విషయంలో ఈ చిక్కు మరీ ముదురుతుంది. 'విజయం' అని మనం లెక్కబెట్టే గజాలు అతని ఒక్కడివి కావు.

1995లో డేవిస్‌ను తీసుకున్న డెన్వర్ శిక్షకుడు మైక్ షానహన్. లైన్‌కు అలెక్స్ గిబ్స్ గురువు. వాళ్ళు నేర్పిన పద్ధతిలో లైన్‌లోని ఐదుగురూ ఒక్కొక్క ప్రత్యర్థిని విడిగా పట్టుకోకుండా, అందరూ కలిసి ఒకే పక్కకు జరుగుతూ గోడను సాగదీస్తారు. సాగిన గోడలో ఎక్కడో ఒక పగులు వస్తుంది. రన్నింగ్ బ్యాక్ ఓపిగ్గా చూసి, పగులు కనబడగానే ఒక్క అడుగు మార్చి నేరుగా దూసుకుపోవాలి. మిరుమిట్లు గొలిపే వేగం అక్కర్లేదు, చూపూ తెగువా కావాలి. 1999లో నాలుగో మ్యాచ్‌లో డేవిస్ మోకాలు దెబ్బతింది. అతని చోట నాలుగో రౌండులో వచ్చిన ఓలాండిస్ గ్యారీ 1,159 గజాలు చేశాడు. మరుసటి ఏడాది ఆరో రౌండులో వచ్చిన మైక్ ఆండర్సన్ అనే మాజీ సైనికుడు 1,487 చేశాడు. 2002లో రెండో రౌండులో వచ్చిన క్లింటన్ పోర్టిస్ 1,508. మనుషులు మారారు, పంట మారలేదు. ప్రయోగశాలలో మనుషులతో ఇలాంటి ప్రయోగం చేయలేం, గాయాలు దాన్ని మైదానంలో చేసి చూపాయి.

పోర్టిస్ డెన్వర్‌లో ఉన్న రెండేళ్ళూ ఒక్కో పరుగుకు సగటున ఐదున్నర గజాలు సాధించాడు. 2004లో అతన్ని వాషింగ్టన్ జట్టుకు పంపారు. అక్కడ మొదటి ఏడాది సగటు 3.8 గజాలకు పడిపోయింది. అదే కాళ్ళు, అదే గుండె. ఎనిమిదేళ్ళ తర్వాత షానహన్ వాషింగ్టన్‌కు శిక్షకుడిగా ఉన్నప్పుడు 173వ వాడిగా ఆల్ఫ్రెడ్ మోరిస్ వచ్చాడు. తొలి ఏడాదే 1,613 గజాలు చేశాడు. అదే 2012 డ్రాఫ్ట్‌లో మూడో స్థానం కోసం మరిన్ని ఎంపికలు ధారపోసి క్లీవ్‌లాండ్ తెచ్చుకున్న ట్రెంట్ రిచర్డ్‌సన్ 950 గజాలు చేశాడు, పరుగుకు సగటు మూడున్నరకు కాస్త పైన. ఏడాదిన్నర తిరగకుండానే అతన్ని ఇండియనాపొలిస్‌కు ఇచ్చేశారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేసుకోవాలి. మొదటి ఎంపికలు వెళ్ళేది ఎక్కడికి? ముందటి ఏడాది ఎక్కువగా ఓడిన జట్లకు. అంటే పగిలిన లైన్లూ, తడబడే క్వార్టర్‌బ్యాక్‌లూ, ప్రతి మ్యాచ్‌లోనూ వెనకబడి తప్పనిసరిగా బంతి విసరాల్సిన పరిస్థితులూ ఉన్నచోటికి. ముందు ఎంపికైన రన్నింగ్ బ్యాక్ ప్రతిభ అంతా ఆ గోతిలోంచి బయటపడటానికే ఖర్చవుతుంది. చివర ఎంపికైనవాడు బలమైన జట్టుకు చేరితే అతని చిన్న ప్రతిభ కూడా పెద్దగా కనబడుతుంది. డ్రాఫ్ట్ సంఖ్యకూ గజాలకూ మధ్య సంబంధం చూసేవాళ్ళు ఈ మాట మరిస్తే రిచర్డ్‌సన్‌లకు అన్యాయం జరుగుతుంది.

దీనికి ఎదురుగా పనిచేసే శక్తి మరొకటి ఉంది. ఖరీదు పెట్టి తెచ్చుకున్నవాణ్ణి ఆడించకుండా ఉండలేం. 1995లోనే బ్యారీ స్టా, హా హోయాంగ్ అనే పరిశోధకులు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో దీన్ని లెక్కతో చూపారు. ఆటతీరు సమానంగా ఉన్నప్పుడు కూడా, ముందు ఎంపికైనవాళ్ళు ఎక్కువ నిమిషాలు ఆడారు, ఎక్కువ ఏళ్ళు లీగ్‌లో నిలిచారు. డ్రాఫ్ట్ జరిగి ఏళ్ళు గడిచినా ఆ సంఖ్య వాళ్ళ వెంట నడిచింది. ఫుట్‌బాల్‌లోనూ మొత్తం గజాలను కొలమానంగా తీసుకుంటే ముందువాళ్ళు మెరుగ్గా కనబడటంలో కొంత భాగం ఇదే. వాళ్ళకు బంతి ఎక్కువసార్లు ఇస్తారు, విఫలమైనా మరో అవకాశం ఇస్తారు. ఆరో రౌండువాడికి ఒక్క తప్పు చాలు, పెట్టె సర్దుకోవడమే.

డేవిస్ కథలో నా మనసు ఆగేది ఇక్కడే. 1995 వేసవిలో డెన్వర్ జట్టు టోక్యోలో ఒక సన్నాహక మ్యాచ్ ఆడింది. రన్నింగ్ బ్యాక్‌ల వరుసలో అట్టడుగున ఉన్న డేవిస్ మనసు విరిగి ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. హోటల్లో భాష కుదరక ప్రయాణం ఏర్పాటు చేసుకోలేకపోయాడని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ మ్యాచ్‌లో అతనికిచ్చిన పని పరుగు కాదు, బంతి పట్టిన ప్రత్యర్థిని పడగొట్టడం. అతను పరుగెత్తుకెళ్ళి ఒకణ్ణి ఎంత గట్టిగా గుద్దాడంటే శిక్షకులు తల తిప్పి చూశారు. సీజన్ మొదలయ్యేనాటికి మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. ఆ హోటల్లో భాష కుదిరి ఉంటే మనకు 196వ పేరు తెలిసేదే కాదు. అలా తెలియకుండా పోయినవాళ్ళు ఎందరో మన లెక్కల్లో లేరు. చివరి రౌండువాళ్ళ గురించి మన దగ్గరున్న సమాచారమంతా అవకాశం దొరికినవాళ్ళదే.

కొలతల సంగతి కూడా చెప్పాలి. ఏటా ఇండియనాపొలిస్‌లో ఎంపికకు ముందు శరీర పరీక్షలు జరుపుతారు. నలభై గజాల పరుగు, ఎత్తుకు ఎగరడం, బరువులు లేపడం. వాటికీ తర్వాతి ఆటకూ పొంతన ఉందా అని 2008లో కుజ్మిట్స్, ఆడమ్స్ పరిశీలించారు. నిలకడైన సంబంధం దాదాపుగా కనబడలేదు, ఒక్కచోట తప్ప. అది రన్నింగ్ బ్యాక్‌ల పరుగు పందెం. కనుక గడియారం అబద్ధమాడదు, వేగానికి విలువ ఉంది. అయితే అక్కడికి పిలుపు వచ్చినవాళ్ళంతా ముందే వడపోసిన వేగగాళ్ళు. ఐ.ఐ.టి.లో చేరినవాళ్ళ ప్రవేశ ర్యాంకులు చూసి నాలుగేళ్ళ తర్వాతి పనితనం ఊహించడం లాంటిది ఇది. అందరూ జల్లెడ పైన మిగిలినవాళ్ళే అయినప్పుడు ఆ చిన్న తేడాలు చెప్పగలిగింది తక్కువ. పొట్టివాళ్ళెవరూ లేని గదిలో ఎత్తు గురించి పందెం కాసినట్టు.

ఈ జ్ఞానమంతా జట్లకు చేరింది. 2013లో మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్ పేరూ పిలవలేదు. అలా జరగడం యాభై ఏళ్ళలో అదే మొదటిసారి. 2014లోనూ అంతే. 2024లో మళ్ళీ అంతే. ఆలస్యంగా తీసుకున్నవాడు చవక, చవకవాడు దొరుకుతూనే ఉంటాడు. 2017లో 86వ వాడిగా వచ్చిన కరీమ్ హంట్ ఆ ఏడాది 1,327 గజాలతో లీగ్ మొత్తానికీ మొదటివాడయ్యాడు. 2022లో 251వ వాడిగా వచ్చిన ఐసయా పచేకో అదే సీజన్‌లో కాన్సాస్ సిటీతో లీగ్ అంతిమ పోరైన సూపర్ బౌల్ గెలిచాడు.

లెక్క సరైనదే. ఆ లెక్క మోసేది మాత్రం మనుషుల శరీరాలు. లీగ్‌కూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందం తర్వాత కొత్త ఆటగాడి మొదటి కాంట్రాక్టు నాలుగేళ్ళు, మొదటి రౌండువాడికైతే జట్టు కోరితే ఐదు. జీతం అతని డ్రాఫ్ట్ సంఖ్యను బట్టి దాదాపు ముందే ఖరారు. రన్నింగ్ బ్యాక్ శరీరం అత్యుత్తమంగా ఉండేది ఆ నాలుగైదేళ్ళే. అవి అయిపోయి బేరమాడే హక్కు వచ్చేసరికి మోకాళ్ళు వాడుకున్న మోకాళ్ళవుతాయి. 2023లో సాక్వాన్ బార్క్‌లీ, జాష్ జేకబ్స్, టోనీ పొలార్డ్ ముగ్గురినీ వాళ్ళ జట్లు దీర్ఘకాల ఒప్పందం ఇవ్వకుండా ఒక్క ఏడాది జీతంతో కట్టిపడేశాయి. జేకబ్స్ ముందటి సీజన్‌లో 1,653 గజాలతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచినవాడు. ఆ జూలైలో రన్నింగ్ బ్యాక్‌లు వీడియో కాల్‌లో సమావేశమై తమ బాధ చెప్పుకున్నారు. వాళ్ళ కోపంలో న్యాయముందని నేను నమ్ముతాను. ఎవరైనా ఈ పని చేయగలరనే వాదన గణాంకాల్లో నిజం కావచ్చు. చేసినవాడికి చేసినదాని విలువ ఇవ్వకపోవడానికి అది సాకు కాకూడదు.

బార్క్‌లీ 2018లో రెండో స్థానంలో న్యూయార్క్ జెయింట్స్‌కు ఎంపికైనవాడు. ఆరేళ్ళు అక్కడ ఆడాడు, 2020లో మోకాలి లిగమెంటు తెగింది, జట్టు చాలా ఏళ్ళు ఓడుతూనే ఉంది. 2023లో అతని సగటు పరుగుకు 3.9 గజాలు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు మారాడు. అక్కడి లైన్‌లో ఎడమ కొసన నిలబడేది జార్డన్ మైలాటా. సిడ్నీలో రగ్బీ ఆడుతూ పెరిగి, ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడకుండా, బార్క్‌లీ రెండోవాడిగా వచ్చిన అదే 2018 డ్రాఫ్ట్‌లో 233వ వాడిగా వచ్చినవాడు. ఆ లైన్ వెనక బార్క్‌లీ సగటు 5.8 గజాలకు పెరిగింది. సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తాడు. 2025 ఫిబ్రవరి 9న, తన ఇరవై ఎనిమిదో పుట్టినరోజున, సూపర్ బౌల్ గెలిచాడు. సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్‌లతో కలిపి ఆ ఏడాది అతని మొత్తం 2,504 గజాలు, లీగ్ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ. అంతకుముందు ఆ రికార్డు 2,476 గజాలు. 1998 నుంచి అది టెరెల్ డేవిస్ పేరు మీద ఉండేది.